ముసలి గుఱ్ఱమునకు అయస్కాంతపు పట్టీలా?

అయస్కాంతపు పట్టీని కాలికి చుట్టినచో వయసు మీఱిన గుఱ్ఱమునకు కీళ్ళ బిగువు సడలుననియు, అయస్కాంతము రక్తములోని ఇనుమును ఆకర్షించి రక్తప్రసారమును హెచ్చించుననియు, మందుమాకులతో పనిలేని ఈ చికిత్స వలన ఉపకారము కలుగకున్నను అపకారము మాత్రము కలుగనేరదనియు ఒక అభిప్రాయము దేశదేశముల గుఱ్ఱపుసాలలలో ప్రబలి, క్రమముగా మన వైపునకును వచ్చియున్నది. పాశ్చాత్యదేశములలో ఇట్టి పట్టీలును, వీపుపై కప్పు కంబళ్ళును, గిట్టలకు తొడుగు జోళ్ళును అంగళ్ళలో అమ్ముడుపోవుచున్నవి. మన దేశమున అవే సరకులు మనుష్యుల మోకాళ్ళకును నడుములకును మణికట్టులకును అమ్ముడుపోవుచున్నవి. మనిషి మోకాలికి మంచిదైనది మూగజీవి మోకాలికి ఏల మంచిది కాకపోవునను తర్కముతో, పెండ్లి ఊరేగింపుల కొఱకు గుఱ్ఱములను మేపుకొనువారిలో కొందఱు తమ ముసలి జంతువుల కాళ్ళకు వీటిని చుట్టుట నేను చూచితిని. ఈ అభిప్రాయము ఆమూలాగ్రము తప్పనియు, అందులో అపకారము లేదను మాట అన్నింటికంటె పెద్ద తప్పనియు చూపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కోనసీమలో కూర్చుండి గుఱ్ఱములను గుఱించి వ్రాయుట చూచి నవ్వువారు ఉందురు. వారి నవ్వు న్యాయమైనదే. గౌతమికిని వసిష్ఠకును నడుమ, 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలతో అల్లుకొనిపోయిన ఈ సీమలో ప్రయాణము పడవది, బరువు ఎడ్లబండిది. గుఱ్ఱమునకు పని తక్కువ. గుఱ్ఱపుడెక్క అన్నచో ఇచ్చటి పిల్లవానికి కాలువను కప్పివేయు పచ్చని మొక్క తలపునకు వచ్చును గాని జంతువు కాలు తలపునకు రాదు. దేవాలయములలో ఉత్సవమునాడు స్వామిని మోయు అశ్వవాహనము కొయ్యది. దానికి కీళ్ళవాతము పట్టదు. అయినను ముహూర్తములు వచ్చినవనగా అమలాపురము, రాజోలు, కొత్తపేట వీధులలో బ్యాండుమేళముల నడుమ, కండ్లు చెదరు దీపముల నడుమ, పెండ్లికుమారుని వీపున మోయుచునో, సారట్టును లాగుచునో నడచునది ప్రాణమున్న గుఱ్ఱమే. అది సాధారణముగ యౌవనమున ఈ పనికి రాదు. వేఱొకచోట వేఱొక పనిలో సత్తువ ఉడిగిన పిమ్మట, చౌకధరకు చేతులు మాఱి, 15 ఏండ్లో అంతకు పైబడియో వయసులో ఇచ్చటికి చేరును. దేశమునందలి గుఱ్ఱములును పొట్టిగుఱ్ఱములును కలిసి 2012 పశుగణనలో ఆఱు లక్షలకు పైగా ఉండగా, 2019 పశుగణన నాటికి సుమారు 3.4 లక్షలకు తగ్గినవి. గుఱ్ఱములు తగ్గినకొలది గుఱ్ఱము నెఱిగిన మనుష్యులును తగ్గుదురు; గిట్టను పట్టి చూచి నొప్పి యెచ్చట నున్నదో చెప్పగల సాయిసు లేడు; లాడము కొట్టువాడు ఊరూర దొరకడు. ఆ ఖాళీలోనికి చొచ్చుకొని వచ్చినవాడే పట్టీలమ్మువాడు.

కీలు బిగువు అనగా నేమో మొదట తెలిసికొందము. ఆరోగ్యముగల కీలులో రెండెముకల కొనలను లేతకొబ్బరి వలె నునుపుగాను తెల్లగాను ఉండు మృదులాస్థి కప్పియుండును. ఆ రెంటి నడుమ జిగురుగల ద్రవము కొంచెముగా నుండును. ఈ మృదులాస్థికి రక్తనాళములు లేవు, నరములు లేవు. అడుగు పడినప్పుడు నొక్కుకొని, అడుగు లేచినప్పుడు విడివడి, ఆ నొక్కుట విడివడుటల చేతనే చుట్టునున్న ద్రవము నుండి పోషణము గ్రహించి బ్రతుకును. ఏండ్ల తరబడి బరువు మోసి గట్టినేలపై పరుగెత్తిన గుఱ్ఱమునకు ఈ పొర అరుగును, పగుళ్ళు పాఱును. కీలును చుట్టియున్న సంచి వాచును. ఎముకల అంచులలో క్రొత్త ఎముక మొలచి కదలికను అడ్డగించును. అరిగిన మృదులాస్థి మఱల పూర్వస్థితికి రాదు. ఇది వ్యాధిస్వరూపము. రక్తప్రసారమును హెచ్చించి దీనిని నయము చేయుదుమని చెప్పువారిని రెండు ప్రశ్నలు అడుగవలెను. రక్తనాళమే లేని పొరకు రక్తము నెట్లు హెచ్చింతురు? వాపనునదే రక్తము అధికముగ చేరుటకు గుఱుతు కదా, వాచిన కీలునకు ఇంకను రక్తము తెచ్చుట ఉపకార మెట్లగును?

ఇక రక్తములోని ఇనుము మాట. ఈ తర్కము వినుటకు సొంపుగా నుండును: అయస్కాంతము ఇనుము నాకర్షించును, రక్తములో ఇనుమున్నది, కనుక అయస్కాంతము రక్తము నాకర్షించును. తర్కశాస్త్రము చదువని వానికి ఇందులో లోప మగపడదు. కాని మేకు నందలి ఇనుమును, రక్తము నందలి ఇనుమును ఒక్క తీరుగ ప్రవర్తింపవు. మేకులో కోట్లకొలది ఇనుప పరమాణువులు ఒక్క దిక్కునకు తిరిగి నిలిచి బలము చూపును. రక్తములో ఆ పరమాణువులు హిమోగ్లోబిను అను పదార్థమున నాలుగేసి చొప్పున బందీలై, ఒకదాని కొకటి దూరముగ చెదరియుండును. అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగును అతని సహచరుడు కొరియెలును 1936లో కొలిచి చూపిన దేమనగా, ప్రాణవాయువును మోయుచున్న రక్తము అయస్కాంతము నుండి అత్యల్పముగ తొలగును. ప్రాణవాయువును విడిచిన రక్తము అత్యల్పముగ దానివైపు ఒఱగును. రెండును సున్నితమైన త్రాసులకు తప్ప తెలియనంతటి బలములు. ఈ లెక్కన పట్టీ పని చేయునన్నచో, హృదయము నుండి కాలికి పోవు మంచిరక్తమును అది వెనుకకు నెట్టవలెను గాని లాగికొనరాదు! పుస్తకములు వలదనువారు మాంసపు దుకాణమునకు పోయి, ఒక పళ్ళెరమున మేకరక్తము పట్టించి, పట్టీలోని బిళ్ళను దాని చెంతకు తీసికొని పోవుడు. నెత్తుటిపై ఒక్క ముడుత లేవదు. మఱియొక పరీక్ష: బిళ్ళపై కార్డుముక్కలను ఒకదానిపై నొకటి పేర్చుచు పైన గుండుసూది నుంచి చూడుడు. రెండు వ్రేళ్ళ దళసరి అగునప్పటికి చాలపట్టీలలో సూది కదలుట మానును. ఉత్తర దక్షిణ ధ్రువములను పక్కపక్కన పేర్చి చేసిన పట్టీలలో ఇంకను ముందే మానును. సూదినే కదలింపజాలని శక్తి, సూది వంటి ఇనుమే లేని రక్తమును, చర్మమును కండరమును దాటిపోయి, తుంటికీలులో కదలించునట!

బలము చాలకపోవుటయే లోపమైనచో హెచ్చు బలముగల అయస్కాంతము తెచ్చిన సరిపోవును కదా యని ఎవరైన అనవచ్చును. ఆ ప్రయోగము దినదినము జరుగుచునే యున్నది. భూమి యొక్క అయస్కాంతబలము మన ప్రాంతమున ఒక గౌసులో సగమునకును తక్కువ, పట్టీలమ్మువారు కొన్ని వందల గౌసులో, వేయి గౌసులో అని చాటుదురు, ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రపు బలము సాధారణముగ 15,000 గౌసులు. మోకాలినొప్పితో వచ్చిన ముసలమ్మను ఆ యంత్రములో అరగంట పడుకొనబెట్టి చిత్రములు తీయుదురు. ఆమె మోకాలినొప్పితోనే లేచి, చిత్రములు చేతబట్టుకొని, కుంటుచునే బయటికి వచ్చును. విదేశములలో నిలుచున్న గుఱ్ఱపు కాలిని అట్లే చిత్రించు యంత్రములును కలవు, వాటి బలము సుమారు 2,700 గౌసులు. కుంటి గుఱ్ఱమును లోనికి తీసికొని పోయినవారు కుంటి గుఱ్ఱమునే వెలుపలికి తీసికొని వచ్చుచున్నారు. యంత్రమునకు చికిత్సాశక్తి యున్నచో ఈపాటికి వైద్యులు దానిని చిత్రములు తీయుటకు గాక నొప్పులు తీయుటకే వాడుకొనుచుందురు.

గుఱ్ఱములపై నేరుగా పరీక్షలు జరుగలేదా యన్నచో, జరిగినవి. 2000 సంవత్సరమున అమెరికా పశువైద్యసంఘపు పత్రికలో స్టైన్, రేమీ ప్రభృతులు ప్రకటించిన పరిశోధనలో గుఱ్ఱముల ముంగాళ్ళలో ఒకదానికి అయస్కాంతపు పట్టీని, రెండవదానికి అయస్కాంతము లేని పట్టీని చుట్టి, రక్తప్రసారమును రేడియోధార్మికపదార్థము సాయముతో కొలిచిరి. రెండు కాళ్ళకును భేదము కనబడలేదు. 2015లో స్వీడను దేశపు పరిశోధకులు పది గుఱ్ఱముల వీపులపై అయస్కాంతపు కంబళిని ఒకసారి, చూచుటకు అట్లే యుండు ఉత్తుత్తి కంబళిని ఒకసారి కప్పి, ఏది ఏదో కొలుచువానికే తెలియకుండ, కండరమునందలి రక్తప్రసారమును, చర్మపు వేడిని, కండరపు బిగువును పరీక్షించిరి. అయస్కాంతము గల కంబళికిని లేనిదానికిని తేడా లేకపోయెను. గమనింపుడు: కంబళి ఏదైనను కప్పినచోట వెచ్చదనము పుట్టును. ఆ వెచ్చదనమునకు గొంగడి చాలును.

ఇంతవఱకు చెప్పినదంతయు విని, పట్టీ పక్షమువారు తమ కడపటి అస్త్రమును తీయుదురు. మనిషికైనచో నమ్మకము చేత బాగైనదనవచ్చును గాని, గుఱ్ఱమునకు నమ్మక మేమి తెలియును, అది పట్టీ ధర నెఱుగునా, ప్రకటన చదువునా, అది బాగుగ నడచినచో నిజముగ బాగైనట్లే కదా యని వారి వాదము. అమలాపురములో ఒక గుఱ్ఱపాయన నాతో నిట్లే అనెను: "కట్టిన కాడ్నించీ అడుగు బాగానే ఏస్తందండీ, ఆయ్! నోరు లేని జీవవండి, అదేవన్నా అబద్ధవాడద్దా?" అబద్ధమాడదు; నిజమే. అయితే అది సాక్ష్యమును చెప్పుటయు లేదు. సాక్ష్యము చెప్పుచున్నది ఆయన.

ఆయన చూచినదేమో దగ్గఱగా చూతము. తెల్లవాఱుజామున కొబ్బరితోటలో కట్టివేసిన ముసలి గుఱ్ఱమును విప్పి నడిపించినప్పుడు మొదటి అడుగులు కుఱుచగా పడును. వెనుకకాళ్ళ గిట్టల కొనలు నేలను గీరుచు గీతలు పెట్టును. నొప్పిగల ముంగాలు నేల నానినపుడెల్ల తల పైకి లేచును. మలుపు తిప్పబోయినచో శరీరమంతయు కొయ్యబాఱినట్లు ఒక్కటిగ తిరుగును. అట్లే మెత్తని నేలపై మెల్లగ నడిపించుచు పోయినచో కొంతసేపటికి తల ఊపు తగ్గును, అడుగు సాగును, గీతలు చెఱగును. కీళ్ళు అరిగిన జంతువుల సహజలక్షణమే ఇది. నడక చేత కీలు వెచ్చబడి బిగువు తాత్కాలికముగ సడలును. పట్టీ కట్టువాడు చేయుచున్న దేమి? తెల్లవాఱగట్ల పట్టీ చుట్టి, నడిపించి, విప్పి, చూడుడు ఎట్లు నడచుచున్నదో అనును! నడక చేసిన మేలును పట్టీ ఖాతాలో వ్రాసికొనుచున్నాడు. అదియు గాక, ఎవ్వరును గుఱ్ఱము బాగుగ నున్న దినమున పట్టీ కొనరు. రెండు మూడు ఊరేగింపులు వరుసగ జరిగి, కాలు కదపలేని స్థితిలో ఉన్నప్పుడు కొందురు. ముహూర్తములు తీఱి విశ్రాంతి దొరికిన పిమ్మట ఏమి కట్టినను, ఏమియు కట్టకున్నను, నొప్పి కొంత తగ్గును. సొమ్ము పెట్టి కొన్న కన్ను ఆ తగ్గుదలను పట్టీ యందే చూచును. 2012లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, కీళ్ళనొప్పుల కుక్కలకు మందు లేని ఉత్తుత్తి బిళ్ళల నిచ్చి, అవి ప్రతి పాదముతో ఎంత బరువు మోపుచున్నవో యంత్రముతో కొలువగా మార్పు లేదని తేలినను, యజమానులు చాలమంది తమ కుక్క మెరుగుపడినదని చెప్పిరి; యజమానులే కాదు, చూచిన పశువైద్యులు సైతము తగుమాత్రముగ భ్రమపడిరి. కుక్కకు నమ్మకము లేకపోవచ్చును. దాని గొలుసు పట్టుకొన్నవానికి ఉన్నది.

ఈ భ్రమకు చరిత్ర పెద్దది. వియెన్నా నగరమున మెస్మరు అను వైద్యుడు 1774లో రోగుల శరీరములపై అయస్కాంతము లుంచి చికిత్స ఆరంభించి, పిమ్మట ఇనుప అయస్కాంతములతోనే పని లేదని, తన చేతిలోనే "జాంతవాయస్కాంతశక్తి" కలదని ప్రకటించి, పారిసు చేరి రాజకుటుంబీకులను కూడ ఆకర్షించెను. పదునాఱవ లూయీ రాజు 1784లో ఒక సంఘమును నియమించెను. అందులో విద్యుత్తును శోధించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆధునికరసాయనశాస్త్రమునకు పునాది వేసిన లవాజియే సభ్యులు. పారిసు చెంత పాసీలో ఫ్రాంక్లిను తోటలో వారు చేసిన పరీక్ష నాకు మిక్కిలి ఇష్టము. మెస్మరు శిష్యుడైన దెలోను ఒక ఆప్రికాట్ చెట్టునకు శక్తి నెక్కించెను. ఆ శక్తికి ఇట్టే లోబడునని దెలోనే ఎన్నుకొన్న పండ్రెండేండ్ల బాలుని కండ్లకు గంతలు కట్టి చెట్టు వెంట చెట్టుగ నడిపింపగా, వాడు చెమటలు పట్టి, తలనొప్పి యని, నాల్గవ చెట్టు క్రింద స్పృహ తప్పి పడిపోయెను. శక్తి నెక్కించిన చెట్టు వాడు పడినచోటికి దూరముగ నుండెను. శక్తి లేదు, ఊహయే ఉన్నదని సంఘము తీర్పు చెప్పెను. గంతలు కట్టి పరీక్షింపవలెనను పద్ధతి వైద్యలోకమునకు ఆ తోటలోనే దొరకినదనవచ్చును. పదునైదేండ్లకు ఇంగ్లండులో బాత్ నగరమున హేగార్త్ అను వైద్యుడు, లోహపు కడ్డీలతో నొప్పులు లాగివేయుదుమని అమెరికా నుండి వచ్చిన ఒక చికిత్సను, రంగు వేసిన కొయ్యకడ్డీలతో జరిపి, ఐదుగురిలో నలుగురు సుఖపడిరని చూపెను.

ప్రతిపక్షమునకు అనుకూలమైన సాక్ష్యములు లేవని చెప్పుట నా అభిమతము కాదు. ఉన్నవాటిని దాచి వాదించుట ఖండనము కాదు, మోసము. 1997లో హ్యూస్టను నగరపు బేలరు వైద్యకళాశాలలో పోలియో వచ్చి తగ్గిన యాబదిమంది రోగుల నొప్పులకు అయస్కాంతములు పని చేసినవని ప్రకటించిరి. 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో 194 మంది మోకాలి, తుంటి నొప్పుల రోగులలో అయస్కాంతపు కడియములు తొడిగినవారికి కొంత ఉపశమనము కలిగినదని వచ్చెను. కాని తమ చేతినున్నది అయస్కాంతమో కాదో పలువురు కనిపెట్టి యుందురని, ఆ కారణమున ఫలితము కలుషితమై యుండవచ్చునని వ్రాసినవారే ఒప్పుకొనిరి. తాళపుచెవి అంటుకొనిన కడియము తన రహస్యమును తానే బయటపెట్టును కదా! తరువాత కట్టుదిట్టముగ జరిపిన పరీక్షలలో ఆ ఉపశమనము నిలువలేదు. 2007లో కెనడా వైద్యసంఘపు పత్రికలో పిట్లరు, బ్రౌను, ఎర్న్‌స్టు అంతవఱకు జరిగిన పరీక్షల నన్నింటిని కలిపి తూచి, స్థిరాయస్కాంతములు నొప్పిని తగ్గించుననుటకు ఆధారము లేదని తేల్చిరి. 2013లో యార్క్ విశ్వవిద్యాలయమువారు కీళ్ళవాతరోగులు డెబ్బదిమందిపై జరిపిన పరీక్షయు అదే చెప్పెను. మనిషి మోకాలికి మంచిదను ఆధారవాక్యమే కూలినప్పుడు గుఱ్ఱపు మోకాలికి మంచిదను నిగమనము దేనిపై నిలుచును?

వేఱొక మాట స్పష్టము చేయవలెను. విరిగి అతుకని ఎముకలకు వైద్యులు స్పందించు విద్యుదయస్కాంతక్షేత్రమును వాడుదురు. అమెరికా ప్రభుత్వము 1979లో దానికి అనుమతి నిచ్చెను. దానిని చూపి పట్టీల నమ్ముట జరుగుచున్నది. మాఱుచున్న అయస్కాంతక్షేత్రము విద్యుత్తును పుట్టించునని 1831లో ఫారడే చూపెను. మాఱని అయస్కాంతము నిలుచున్న కాలిలో ఏ విద్యుత్తును పుట్టింపదు. ఆ యంత్రము వేఱు, ఈ బిళ్ళ వేఱు.

ఇక మన పూర్వులు ఎఱిగినదే యను మాట. ఇది వచ్చినంతనే సభలో సగము మంది నోరు మూసికొందురు. నేను మూసికొనను, ఏలయన పూర్వులపై నాకున్న గౌరవము పట్టీలమ్మువానికి ఉన్నదానికంటె ఎక్కువ. కణాదుడు వైశేషికసూత్రములలో సూది అయస్కాంతమును చేరుటను ప్రస్తావించి దానికి కారణము అదృష్టమని, అనగా కంటికి కనబడని కారణమని చెప్పి ఊరకుండెను. దాని చేత మోకాలు నయమగునని చెప్పలేదు. సుశ్రుతుడు సూత్రస్థానమున శల్యములను వెలికి తీయు ఉపాయములలో అయస్కాంతమును చేర్చెను. ఎట్టి శల్యమును? లోపల చిక్కుకొనక వదులుగ నున్నదియు, కొక్కెముల వంటి చెవులు లేనిదియు, గాయపు నోరు విశాలముగ నున్నదియు నగు ఇనుప శల్యమును. ఎంత జాగ్రత్త గల వైద్యుడో చూడుడు! అయస్కాంతము ఇనుమును లాగును, లాగునప్పుడు దారి సుగమముగ నుండవలెను, అంతే. అశ్వచికిత్సకు శాలిహోత్రుడును, నకులుని పేరిట నున్న గ్రంథమును మనకు కలవు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. వీటి పేరు చెప్పి పట్టీల నమ్ముకొనువారు ఏ అధ్యాయమున ఏ శ్లోకమున, ఏ పద్యమున ఈ చికిత్స ఉన్నదో చూపి, పిమ్మట అమ్ముకొందురు గాక.

సుశ్రుతుని మార్గమున అయస్కాంతమును నేటికిని నిజాయితీగ వాడుచున్న చోటు ఒకటి కలదు, అది పశువైద్యము. ఆవులును గేదెలును మేతను నమలక మ్రింగును. ఆ మేతలో పందిరి మేకో, కట్టుతీగ ముక్కో కలిసి లోనికి పోయినచో అది రెండవ కడుపులో నిలిచిపోయి, కడుపు ముడుచుకొన్నపుడెల్ల ముందునకు గ్రుచ్చుకొని, దానికి మిక్కిలి సమీపముననున్న హృదయము పొరను కూడ చేరగలదు. దీనికి నివారణగ వ్రేలెడు పొడవుగల నునుపైన అయస్కాంతమును పశువుచేత మ్రింగించుట కలదు. అది రెండవ కడుపులోనే జీవితాంతము కూర్చుండి, వచ్చిన మేకును తీగను తనకు అంటించుకొని గోడను గ్రుచ్చనీయదు. చనిపోయిన పశువు కడుపు నుండి తీసిన అట్టి అయస్కాంతమును నేను చేతబట్టి చూచితిని. చుట్టును త్రుప్పుపట్టిన మేకులు, సైకిలు పుల్లముక్క, పేరు తెలియని రేకు తునకలు ముళ్ళపందివలె నిక్కి యుండెను. అయస్కాంతవైద్య మన్నచో అది. గుఱ్ఱమునకు ఒక్కటే కడుపు, అది నెమరు వేయదు, కావున దానికి ఆ ఉపయోగము కూడ లేదు.

"పోయేదేముందండీ, కట్టి చూద్దాం" అనువారికి ఇప్పుడు సమాధానము చెప్పెదను. పోవునది గుఱ్ఱము. పట్టీ ధర స్వల్పముగ నుండవచ్చును. దాని వెంట వచ్చు ధైర్యము స్వల్పము కాదు. నిన్నటిదాక కుంటుచున్నదని బయానా తీసికొనుటకు జంకినవాడు, పట్టీ కట్టితిని గదా యని రాత్రికి రెండు ఊరేగింపులు ఒప్పుకొనును. సిమెంటు రోడ్డుపై, తారురోడ్డుపై గంటల తరబడి నిలుచుండి, వీపున బరువు మోయుచు, చెవులు పగులు పాటలకు ముందుకాళ్ళెత్తి ఆడింపబడిన గుఱ్ఱపు కీలునకు ఆ ఒక్క రాత్రిలో కలుగు అరుగుదలను ఏ పట్టీయు తీర్పజాలదు. కొందఱు బిళ్ళలు లోనికి దిగవలెనని బిగించి కట్టుదురు. గుఱ్ఱపు కాలికి మోకాలి దిగువ కండ లేదు, చర్మము క్రిందనే స్నాయువులు ఉన్నవి. బిగువు కట్టు అచ్చట పుండు చేయును. ఇంకను ముఖ్యమైన దేమనగా, పట్టీ చుట్టినన్నాళ్ళు అసలు కారణమును వెదకరు. కుంటుట కీలు అరుగుదల వలననే కావలెనని లేదు. గిట్టలో చీము పట్టియుండవచ్చును, లాడము మేకు పక్కకు దిగియుండవచ్చును, గిట్టలోపలి పొరలు వాచియుండవచ్చును. ఈ కడపటి వ్యాధిలో దినముల ఆలస్యము ప్రాణాంతకము. చట్టము కూడ ఈ విషయమున మౌనముగ లేదు. వయసు చేతనో రోగము చేతనో పనికి తగని జంతువు చేత పని చేయించుట 1960 నాటి జంతుహింసానివారణ చట్టపు పదునొకండవ విభాగము క్రింద నేరము. 1954 నాటి మందులు–మాయచికిత్సల ప్రకటనల చట్టము తాయెత్తులు, మంత్రములు, కవచములు మొదలగు అద్భుతశక్తుల పేరిట రోగము కుదుర్తుమను ప్రకటనలను నిషేధించుచు, మనుష్యుల రోగములతో పాటు జంతువుల రోగములను కూడ స్పష్టముగ పేర్కొన్నది. అయస్కాంతపు బిళ్ళ ఆ జాబితాలో చేరునో లేదో న్యాయవాదులు వాదించుకొందురు గాక. దాని ప్రకటనల భాష మాత్రము తాయెత్తుల భాషయే.

అయితే ఏమి చేయవలెను? చెప్పుటకు సులభము, చేయుటకు శ్రమ, అందుచేతనే పట్టీ గెలుచుచున్నది. పశువుల ఆసుపత్రి వైద్యుని చేత కాలు పట్టించి చూపవలెను. ముసలి గుఱ్ఱమునకు ఒడలి బరువు తగ్గింపవలెను. డొక్కలు కనబడరాదు గాని చేతికి తగులవలెను. గిట్టలను ఆఱు ఎనిమిది వారముల కొకసారి చెక్కించి, ముందుకొన పొడవు పెరుగనీయక కాపాడవలెను. దినమంతయు గుంజకు కట్టివేయుట కీళ్ళకు శత్రువు. మెత్తని నేలపై, చెమ్మ నిలువని మెరకచోట, దినదినము కొంతసేపు మెల్లగ నడిపింపవలెను. నొప్పి హెచ్చినప్పుడు మందు కావలెను, ఆ మందు వైద్యుడు వ్రాసినదై యుండవలెను; తన మోకాలికి తెచ్చుకొన్న మాత్రను దయతో గుఱ్ఱమునకు పెట్టుట దయ కాదు. పశువులకు డైక్లోఫెనాకు అను నొప్పిమందును వాడుటను 2006లోనే దేశమున నిషేధించిరి. ఆ మందు పడిన పశుకళేబరములను తిని రాబందులు దాదాపు నశించినవి. రాబందులకు హాని చేయని మెలాక్సికాము వంటివి ఉన్నవి. మోతాదును, ఎన్నాళ్ళన్నదియు వైద్యుడు నిర్ణయించును. ఇంత చేసినను ముసలి గుఱ్ఱము మఱల పడుచుగుఱ్ఱము కాదు. పనికి రాని దినము వచ్చును. ఆ దినమున దానిని పనినుండి తప్పించుటకు బదులు కాలికి బిళ్ళలు చుట్టుట, దాని నొప్పికి చికిత్స కాదు, మన సంకోచమునకు చికిత్స.

కోనసీమలో రాబోవు ముహూర్తములకు గుఱ్ఱమును మాట్లాడుకొనబోవు పెండ్లివారికి నా విన్నపము ఒక్కటే. బయానా చేతిలో పెట్టుటకు ముందు ఆ గుఱ్ఱమును గట్టినేలపై పది బారలు నడిపించి, వెనుకకు త్రిప్పించి చూడుడు. తల ఎగురవేయుచున్నను, గిట్ట కొనతో నేల గీరుచున్నను, కాలికి ఏ పట్టీ కట్టియున్నను కట్టకున్నను, ఆ గుఱ్ఱమును వలదనుడు. యజమానికి రాకపోకల ఖర్చు ఇచ్చి పంపివేయుడు. పెండ్లికుమారుని కారులో ఊరేగింపుడు.